ఒక్క ముక్కా చదవలేదు

ఉదయం ఆరుంపావుకు టీ నీళ్లు స్టవ్ మీద పెట్టి, క్లాసు వాట్సాప్ గ్రూపులో "ఒక్క ముక్కా చదవలేదు, తల పగిలిపోతోంది" అని రాసి, మళ్లీ పుస్తకం ముందు కూర్చుంది వినీల. యూనివర్సిటీ గేటు ఎదుటి కాలనీలో, ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఎమ్మెస్సీ గణితం చదువుతున్న ఆ అమ్మాయికి, తన చదువు గురించి నిజం చెప్పే అలవాటు లేదు.

ఆ ఉదయానికి ఆమె సిలబస్ మొత్తం రెండుసార్లు చదివేసి ఉంది.

"నువ్వు చదవకపోతే మేమింకా పుస్తకాలు కొననట్టే లెక్క తల్లీ" అని జవాబిచ్చాడు మస్తాన్‌వలీ. క్లాసులో అందరినీ ఆటపట్టించేవాడు అతనే. కింద వరుసగా నవ్వు బొమ్మలు పడ్డాయి.

ఇది వినీల ఒక్కదాని జబ్బే అయితే ఇంత చెప్పుకోవలసిన పని లేదు. ఆ క్లాసులో చదివినవాళ్లెవరూ చదివామని ఒప్పుకునేవాళ్లు కాదు. చదవలేదంటే ఎదుటివాళ్లు ధీమాగా ఉంటారని, ఆ ధీమాలో రెండు మార్కులు పోగొట్టుకుంటారని అందరి లెక్క. అందరూ అదే లెక్క వేస్తున్నప్పుడు ఎవరు ధీమాగా ఉంటారు? ఎమ్మెస్సీ గణితం చదివేవాళ్లకు ఈ చిన్న లెక్క మాత్రం తట్టలేదు.

అది కరోనా రెండో ఏడాది. హాస్టళ్లు మూసేశారు. పాఠాలూ పరీక్షలూ ఫోన్లోనే జరిగేవి. వినీల వాళ్ల ఊళ్లో సిగ్నల్ అందదు కనుక తల్లిదండ్రులు ఈ గది చూసిపెట్టి వెళ్లారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మనిషికి మనిషి కనపడని ఆ రోజుల్లో ఈ పిల్లల అబద్ధాలు తగ్గుతాయేమో అనుకుంటే, పెరిగాయి. తలనొప్పి చాలదని జ్వరం దాకా వెళ్లారు. ప్రతి పరీక్షకు ముందూ గ్రూపులో సగం మందికి జ్వరం వచ్చేది. మార్కులు వచ్చాక చూస్తే అందరికంటే ఎక్కువ జ్వరం వచ్చినవాళ్లే పైన ఉండేవాళ్లు.

వినీలది ఎప్పుడూ మొదటి స్థానం. రెండోది ఎస్తేరు రాణిది. ఆమె రెండు వీధుల అవతల మేనత్త ఇంట్లో ఉండేది. ఎస్తేరు వాట్సాప్‌లో ఆన్‌లైన్లో కనిపిస్తే, ఎవరితోనో పాఠం చర్చిస్తోందని వినీల పుస్తకం మూసేది కాదు. కనిపించకపోతే, ఫోన్ పక్కన పడేసి చదివేస్తోందని ఇంకా మూసేది కాదు. అన్నం సగంలో వదిలేసేది. "పరీక్షల ముందు అందరికీ ఇంతేలే" అనుకునేది.

కింద వాటాలో ఉండే ఇంటావిడ సీతారావమ్మ ఒకరోజు పైకి వచ్చి, "అమ్మాయ్, మొహం పీక్కుపోయింది. కాస్త పప్పన్నం పంపనా?" అంది.

"పరీక్షలయ్యేదాకా నా తలుపు కొట్టొద్దు ఆంటీ, ప్లీజ్" అంది వినీల.

పెద్దావిడ నొచ్చుకుంది. మళ్లీ మెట్లెక్కలేదు.

ఆల్జీబ్రా పరీక్షకు ఇంకో నాలుగు రోజులుందనగా వినీలకు నిజంగానే జ్వరం వచ్చింది. విచిత్రం చూడండి. లేని జ్వరాన్ని ఏడాది పొడుగునా ఊరంతా చాటిన పిల్ల, వచ్చిన జ్వరాన్ని దాచిపెట్టింది. తెలిస్తే ఎస్తేరు సంబరపడుతుందట. ఆ రోజు గ్రూపులో ఏమీ పెట్టలేదు. తల్లి ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నానమ్మా, చదువుకుంటున్నా" అంది. చెబితే ఊరికి తీసుకుపోతారు, ఊళ్లో సిగ్నల్ ఉండదు, పరీక్ష పోతుంది. అంబులెన్సుకు ఫోన్ చేసినా అంతే, ఆసుపత్రిలో పడేస్తే పరీక్ష పోతుంది. ఒక మాత్ర వేసుకుని, చెమటలు కారుతుంటే ఆల్జీబ్రాలో గ్రూప్ థియరీ పాఠం మూడోసారి మొదలుపెట్టింది.

మూడో రోజు సాయంత్రానికి మంచం మీంచి లేవబోతే కాళ్లు నిలవలేదు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. కిందికి వినపడేలా కేకేసేంత ఊపిరి లేదు. అప్పుడు గ్రూపులో రాసింది: "నిజంగా బాగాలేదు. ఊపిరి ఆడటం లేదు. ఎవరైనా ఒకసారి రండి."

మస్తాన్‌వలీ వెంటనే అందుకున్నాడు: "ఈసారి ఊపిరి కూడానా! అయితే నూటికి నూరే."

ఇంకొకరెవరో, "మాక్కూడా ఆడటం లేదు వినీలా, నీ మార్కులు తలుచుకుంటే" అని రాశారు. మళ్లీ నవ్వు బొమ్మలు.

వినీల ఎస్తేరుకు ఫోన్ చేసింది.

"ఎస్తేరూ... నిజమేనే. నాకు చాలా... ఆయాసంగా ఉంది."

"నాకూ అలాగే ఉందే" అంది ఎస్తేరు చల్లగా. "నేనూ ఒక్క ముక్క చదవలేదు. ఉంటా మరి." ఫోన్ పెట్టేసింది.

ఇరవై మంది ఉన్న క్లాసు. ఒక్కరికీ అనుమానం రాలేదు. రావలసిన అనుమానాలన్నీ ఏడాదిగా చదువు మీదే ఖర్చయిపోయాయి.

మర్నాడు పొద్దున కర్ఫ్యూ సడలించాక ఎస్తేరు ఆ ఇంటి బయటి మెట్లెక్కి మేడ మీదికి వచ్చింది. గది కిటికీ తెరిచే ఉంది. లోపల వినీల నేల మీద పడి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. పుస్తకం ఆమె మోచేతి కింద నలిగిపోయి ఉంది.

ఎస్తేరు పెట్టిన కేకకు సీతారావమ్మ పరుగున వచ్చింది. "అయ్యో, తలుపు కొట్టొద్దంటే కొట్టకుండా ఊరుకున్నానే!" అని మొత్తుకుంది. లోపలి గడియ ఊడేదాకా ఇద్దరూ భుజాలతో గుద్దారు. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు.

"ఇంకో పూట ఆలస్యమైతే నేను చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదు" అన్నాడు డాక్టరు. "పక్కనే మనుషులుండి ఇంతవరకూ ఎందుకు తెచ్చుకున్నారు?"



ఆల్జీబ్రా పరీక్ష జరిగిపోయింది. వినీల రాయలేదు. తర్వాత విడిగా రాసి పాసవ్వచ్చు కానీ, అలా పాసైనవాళ్లకు ర్యాంకు ఇవ్వరు. ఆ ర్యాంకు కోసమే కదా ఆమె జ్వరం దాచింది.

మస్తాన్‌వలీ ఆసుపత్రికి ఫోన్ చేసి, "క్షమించు వినీలా, అలవాటులో అనేశాను" అన్నాడు. అతని గొంతు వెటకారం లేకుండా వినడం ఆమెకు అదే మొదటిసారి.

ఊరి నుంచి కారు మాట్లాడుకుని వచ్చిన తల్లి, ఎస్తేరు చేతులు పట్టుకుని ఏడ్చింది. "నా బిడ్డ మాట నువ్వొక్కదానివే నమ్మావమ్మా" అంది. వినీల కూడా వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేది. ఆ మాట అన్నప్పుడల్లా ఎస్తేరు తల దించుకునేది. సిగ్గరి పిల్ల అనుకున్నారు అందరూ.

వారం గడిచింది. వినీల ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే ముందు ఎస్తేరు చూడ్డానికి వచ్చింది. తల్లి బయటికి వెళ్లేదాకా ఆగి, మాస్కు సర్దుకుంటూ అంది:

"నేను నమ్మి రాలేదే."

"అంటే?"

"ఊపిరాడటం లేదన్నావంటే సిలబస్ అంతా అయిపోయిందనుకున్నా. రాత్రి నిద్రపట్టలేదు. ఎన్ని యూనిట్లు చేశావో కిటికీలోంచి చూసి, చప్పుడు చేయకుండా పోదామని వచ్చా."

వినీలకు కోపం రాలేదు. ఎస్తేరుకు జబ్బు చేసి ఉంటే తనూ వాళ్ల కిటికీ దగ్గరికి అందుకే వెళ్లేదని ఆమెకు తెలుసు.

నీతి: తోటివాళ్లను మభ్యపెట్టడానికి రోజూ అబద్ధం చెప్పేవాళ్ల మాట, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఎవరూ నమ్మరు, పోటీలో ఒక మార్కు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, మాట మీద నమ్మకం పోతే పిలిచినా పలికేవాళ్లుండరు.