నాంచారమ్మ అడిగిన ఫొటో

జోగారావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు వాళ్ళని తీసుకెళ్ళి ఫొటోకి కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టేవారు. తాను కెమెరా వెనక ఎత్తుపీట మీద కూర్చుని, "ఊఁ, ఇప్పుడు అడుగు" అనేవారు. ఆ కుర్చీలో కూర్చున్నాక చాలా ప్రశ్నలు అడగబుద్ధి కావు. వాదానికి వచ్చినవాళ్ళు ఏదో నసిగి లేచిపోయేవారు. నిజంగా తెలుసుకోవాలని వచ్చినవాళ్ళు మాత్రం అడిగేవారు. రాజమండ్రిలో ఆయన స్టూడియో ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు నేను అక్కడే గడిపేవాణ్ణి కనుక, అలాంటి ప్రశ్నలు చాలా విన్నాను. మాస్టారు ఏ ప్రశ్నకీ సిద్ధాంతం చెప్పగా వినలేదు. ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఆ సాయంత్రం అడిగింది వారిజ. మాస్టారి దగ్గర పని నేర్చుకున్న ఆఖరి శిష్యురాలు. రిటైరైన సైనికుల ఫొటోలు తీసే పని ఒకటి ఒప్పుకుని, తీసినవన్నీ తెచ్చి బల్ల మీద పరిచింది. మాస్టారు ఒక్కొక్కటే చూసి, "బాగానే తీశావు కదమ్మా" అన్నారు.

"బాగానే ఉన్నాయండీ. కానీ అందరూ ఒక్కలాగే ఉన్నారు," అంది వారిజ. "ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, కెమెరాకి జానెడు పైన ఎక్కడో చూస్తున్నారు. కబుర్లు చెప్పాను, కాఫీలు ఇప్పించాను, నవ్వించాను. నవ్వుతారు. కెమెరా ఎత్తగానే మళ్ళీ అదే చూపు. ఆ చూపుని కిందికి దించడం ఎలా మాస్టారూ?"

మాస్టారు ఆమెని ఫొటో కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ప్రశ్న మళ్ళీ అడిగించారు. తరవాత ఎర్రకొండవరం సంగతి చెప్పారు.

ఎర్రకొండవరం మెట్టప్రాంతంలో ఒక ఊరు. అక్కడ ఇంటికొకరు పటాలంలో పనిచేసినవాళ్ళే. మాజీ సైనికులంతా కలిసి ఒక హాలు కట్టుకుని, బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళ ఫొటోలు అందులో పెట్టాలనుకున్నారు. అప్పటికే వాళ్ళందరూ డెబ్బైకి అటూఇటూ ఉన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే ఫొటో తీయడానికి ఎవరూ మిగలరని మాస్టారికి కబురు పంపారు. ఆయన తన పెట్టె కెమెరా, మూడుకాళ్ళ స్టాండు తీసుకుని బస్సెక్కి వెళ్ళారు. అది ఆదివారం. బడి వరండాలో తెల్లదుప్పటి కట్టి, ఒక బెంచీ వేశారు. ఎండ ముంగిట్లో ఇసుక మీద పడి, అక్కడి నుంచి పైకి తేలి, ముఖాలని మెత్తగా వెలిగిస్తోంది. అలాంటి వెలుగు దొరకడం అదృష్టమని మాస్టారు ఇప్పటికీ అంటారు.

ముసలి సైనికులు ఒక్కొక్కరే వచ్చారు. ట్రంకుపెట్టెల అడుగు నుంచి తీసిన కోట్లు కలరా ఉండల వాసన వేస్తున్నాయి. కొందరికి గుండీలు పట్టడం లేదు, కొందరు ఆ కోట్లలో తప్పిపోయినట్టున్నారు. పతకాలని ఇంట్లో ఆడవాళ్ళు చింతపండు పెట్టి తోమి ఇచ్చారు. అవి తళతళలాడుతుంటే, వాటి పట్టీలు మాత్రం ఒకప్పుడు ఏ రంగువో చెప్పలేనంతగా వెలిసిపోయాయి. ఎవరో సరదాకి "సావధాన్!" అని అరిచారు. వంగిన నడుములన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయి. ఆ వెంటనే అందరూ పగలబడి నవ్వారు. పటాలంలో పెట్టుకున్న ముద్దుపేర్లతో పిలుచుకుంటూ, రంగూను బజారులో తాగిన టీ గురించి, ఓడ మీద వాంతులు చేసుకున్న రాత్రుల గురించి చెప్పుకుంటూ, బడిపిల్లల్లా గోల చేశారు. కలరా ఉండల వాసన ఎక్కడ తగిలినా తనకు ఆ వరండానే గుర్తొస్తుందన్నారు మాస్టారు.

వాళ్ళలో హవల్దారు చిట్టబ్బాయి అంటే ఊరంతటికీ గౌరవం. ఆయనా, సత్తిరాజు అనే ఆయనా ఒక ఈడువాళ్ళు, వరసకి బావా బావమరుదులు, ఒకేరోజు పటాలంలో చేరినవాళ్ళు. వంతెనలు కట్టే పటాలం అది. చిట్టబ్బాయి తిరిగొచ్చాడు, సత్తిరాజు రాలేదు. బడి గేటు పక్కన సత్తిరాజు పేరు చెక్కిన రాయి ఒకటి ఉంది. ఆయన ఎలా పోయాడో చిట్టబ్బాయి ఏటా జెండా పండక్కి పిల్లలకి చెబుతాడు. ఆవేళ మాస్టారికీ చెప్పాడు. "నదిలో నిలబడి దూలం ఎత్తుతున్నామండి. తూటా ఇదిగో, ఇక్కడ, గుండెలో తగిలింది. అమ్మా అని కూడా అనలేదండి మావాడు. దూలం వదల్లేదు." చెబుతున్నంతసేపూ ఆయన చూపు చూరు మీదే ఉంది.

చిట్టబ్బాయి వంతు వచ్చింది. బెంచీ మీద కూర్చుని ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, కెమెరాకి జానెడు పైకి చూశాడు. మాస్టారు హాలు కోసం ఒక ఫొటో తీశారు. ఆయన లేవబోతుంటే, పొద్దుట్నుంచీ వరండా చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒక పెద్దావిడ లేచి కెమెరా దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఈయన ఫొటో ఇంకోటి తీసి నాకిస్తావా?"

"మీవారా అమ్మా?"

"కాదు బాబూ. ఆ రాతి మీద పేరున్నాయన భార్యని."

ఆవిడ పేరు నాంచారమ్మ. పెళ్ళయిన కొద్దికాలానికే సత్తిరాజు పటాలానికి వెళ్ళిపోయాడు. పెళ్ళిలో ఫొటో తీయించే అలవాటు ఆ ఇళ్ళలో లేదు. పటాలంలో తీయించుకుని పంపుతానన్నాడు, పంపలేదు. "ఆయన ముఖం ఎలా ఉండేదో మర్చిపోయాను బాబూ," అందావిడ, మామూలు సంగతి చెబుతున్నట్టు. "ఆయన్ని ఆఖరున చూసింది ఈ అన్నయ్యే. ఆ చూసిన కళ్ళైనా నా గోడ మీద ఉంటాయి కదా అని."

మాస్టారు చిట్టబ్బాయిని కూర్చోమని సైగ చేశారు. మళ్ళీ కెమెరా మీదికి వంగారు. పైనుంచి అద్దంలోకి తలవంచి చూసే కెమెరా అది. అద్దంలో చిట్టబ్బాయి మళ్ళీ చూరుకేసే చూస్తున్నాడు.

"నాకేసి చూడమను బాబూ," అంది నాంచారమ్మ, కెమెరా పక్కన నిలబడి. "బర్మా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఈ అన్నయ్య నా ముఖం చూసి మాట్లాడలేదు. బియ్యం పంపిస్తాడు. ఏటా వానలకి ముందు నా ఇంటికి తాటాకు కప్పిస్తాడు. కడుపున పుట్టినవాళ్ళు కూడా అంత చెయ్యరు. కానీ గుమ్మంలో నిలబడి, చూరు చూస్తూ రెండు మాటలాడి వెళ్ళిపోతాడు."

వరండాలో నవ్వులు ఆగిపోయాయి.

"అన్నయ్యా, తూటా తగల్లేదని నాకు తెలుసు," అంది నాంచారమ్మ. "పోయేటప్పుడు ఒంటి మీదున్న చొక్కా అని చెప్పి తెచ్చిచ్చావు, గుర్తుందా? అది నా దగ్గరే ఉంది. దానికి ఎక్కడా చిల్లు లేదు."

అద్దంలో ఆ చూపు మెల్లగా దిగడం మాస్టారు చూశారు. చూరు మీంచి, దుప్పటి అంచు మీంచి, కెమెరా దాటి, పక్కనున్న మనిషి మీద వచ్చి ఆగింది.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం చెల్లెమ్మా?"

"అడిగితే నువ్వు ఆ గుమ్మంలోకి రావడం కూడా మానేస్తావని."

అప్పుడు చెప్పాడు చిట్టబ్బాయి. బర్మా వానల్లో సత్తిరాజుకి జ్వరం పట్టుకుంది. గుడారంలో గడ్డి పరిచి పడుకోబెట్టారు. తను పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ ఉన్నాడు. "జ్వరంతో పోయాడని ఊరికి ఎలా చెప్పనమ్మా? జ్వరంతో పోవడానికి అంతదూరం వెళ్ళాలా అని ఎవడో ఒకడు అంటాడు. ఆ మాట వినలేకపోయేవాణ్ణి. వాడు నాకంటే ధైర్యవంతుడు."

"ఏమన్నా అన్నాడా?" అంది నాంచారమ్మ.

ఆవిడ అన్నేళ్ళుగా అడగాలనుకున్నది అదొక్కటే. తూటా కథలో ఆ ప్రశ్నకి చోటు లేదు. అమ్మా అని కూడా అనకుండా పోయినవాడు భార్యకి ఏం చెప్పి ఉంటాడు?

"అన్నాడు," అన్నాడు చిట్టబ్బాయి. "ఆ పిల్లకి చీకటంటే భయం రా బావా, అన్నాడు. మా అమ్మ దాన్ని వసారాలో పడుకోబెడుతుంది, లోపల పడుకోబెట్టమని చెప్పు అన్నాడు. కాస్త తెలివి వస్తే అదే మాట. నన్ను గుర్తుపట్టకపోయినా అదే మాట. నేనది నీకు చెప్పాలంటే జ్వరం సంగతి చెప్పాలి. అందుకని మింగేశాను. తిరిగొచ్చి చూస్తే నువ్వు ఆ వసారాలోనే చాప వేసుకుని పడుకుంటున్నావు. అది చూసి కూడా మింగేశాను."

అక్కడున్న ముసలివాళ్ళందరూ ఆవిడ ఏడుస్తుందనుకున్నారు, లేకపోతే శాపనార్థాలు పెడుతుందనుకున్నారు. నాంచారమ్మ రెండూ చెయ్యలేదు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, మగవాళ్ళకి సమానంగా ఎన్నడూ కూర్చోని మనిషి, బెంచీకి రెండో చివర కూర్చుంది.

"ఆయనకి తెలుసా?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు. "నేను చెప్పలేదే. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. కళ్ళు గట్టిగా మూసుకుని పడుకునేదాన్ని. ఆయనకెలా తెలిసింది?"

ఆవిడ లేచి, మళ్ళీ కెమెరా పక్కకి వచ్చి నిలబడింది. అప్పుడు వచ్చింది కోపం.

"ఎంత పని చేశావన్నయ్యా! అప్పుడే చెప్పినా మా అత్త నన్ను లోపల పడుకోనిచ్చేది కాదు. అది కాదు నేననేది. ఆ మాట నా దగ్గర ఉంటే, ఆ వసారాలో నాకు తోడు ఉండేది కదా."

చిట్టబ్బాయి తల వంచుకోలేదు. క్షమించమని అడగలేదు. ఆవిడ ముఖంలోకి అలాగే చూస్తూ కూర్చున్నాడు, అన్నేళ్ళ బాకీ చూపంతా ఒక్కసారే తీర్చుకుంటున్నట్టు. మాస్టారు అప్పుడు నొక్కారు. ఒక్కసారే నొక్కారు.

తరవాతి జెండా పండక్కి చిట్టబ్బాయి పిల్లలకి కథ మార్చి చెప్పాడట. వాన గురించి, జలగల గురించి, గడ్డి పరుపు గురించి చెప్పాడట. కొందరు పెద్దవాళ్ళకి అది నచ్చలేదు. ఊరి పరువు తీశాడని ఒకరిద్దరు ఆయనతో మాటలు మానేశారు. రాతి మీద ఉన్నది పేరొక్కటే కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చిట్టబ్బాయి మాత్రం ఆ తరవాత నాంచారమ్మ గుమ్మంలో నిలబడటం మానేసి, లోపలికి వెళ్ళి పీట వేసుకుని కూర్చునేవాడు. ఇద్దరూ సత్తిరాజు గురించి మాట్లాడుకునేవారు. ఆయనకి వంకాయంటే పడదన్న సంగతి ఒకరు చెబితే, ఈలవేస్తే ఊరి అవతలికి వినపడేదన్న సంగతి ఇంకొకరు చెప్పేవారు. అలా చిన్న చిన్నవి పోగుచేసుకుంటూ, తను మర్చిపోయిన ముఖం కొంచెం కొంచెంగా తిరిగొస్తోందని నాంచారమ్మ మాస్టారికి చెప్పింది.

అది ఫొటోలు కడిగి తీసుకెళ్ళి ఇచ్చిన రోజు కాదు, చాలాకాలం తరవాత ఆ దారిన వెళుతూ ఆగినప్పుడు. ఫొటోలు ఇచ్చిన రోజు ఆవిడ తాను అడిగిన ఫొటోని వెలుగుకి పెట్టి చాలాసేపు చూసింది. పని తెలిసినవాళ్ళు దాన్ని మంచి ఫొటో అనరు. వెనక దుప్పటి గాలికి లేచింది. పతకం ఒకటి తిరగబడింది. నోరు సగం తెరుచుకుని ఉంది.

"ఇందులో నేను లేను కదా బాబూ?" అని అడిగింది నాంచారమ్మ.

"లేరమ్మా."

"ఉన్నట్టే ఉంది," అందావిడ.

మాస్టారు చెప్పడం ఆపారు. వారిజ కుర్చీలోంచి లేవలేదు. "ఆ ఫొటో ఒకసారి చూపించండి మాస్టారూ," అంది.

"నా దగ్గర లేదమ్మా. నెగెటివ్‌తో సహా ఆవిడకే ఇచ్చేశాను."

"అయ్యో! మీరు తీసినవాటిలో అలాంటిది ఇంకోటి ఉండదు. ఒక్క కాపీ అయినా ఉంచుకోకుండా ఎందుకిచ్చేశారు?"

"ఆయన చూసింది నన్ను కాదు కదమ్మా," అన్నారు మాస్టారు.