నక్క వైద్యం, పుల్లడి నెమరు

ఏటికి ఇవతల సూరన్న పశువుల పాక, అవతల ఇసుక నేలలో అతని పుచ్చతోట. పుచ్చకాయకు ఇసుక నేలే రుచి. నల్లరేగడిలో కాసిన కాయ చప్పగా, నీళ్ళనీళ్ళగా ఉంటుంది. ఆ సంగతి అలా ఉంచితే, కాయలు పండి పగిలిపోతున్నా బండి మాత్రం ఏరు దాటడం లేదు. లాగాల్సిన ఎద్దు పుల్లడు గట్టు దగ్గరకు రాగానే నాలుగు కాళ్ళూ పాతేసినట్టు నిలబడిపోతున్నాడు.

కారణం లేకపోలేదు. వానాకాలంలో ఏరు దాటుతుండగా వరద మీద పడ్డప్పుడు పుల్లడు గట్టెక్కాడు, కాడికి రెండో పక్కనున్న జోడీ బోడోడు కొట్టుకుపోయాడు. సూరన్న బండిని ఒంటెద్దు బండిగా మార్చుకున్నాడు గానీ, అప్పటినుంచీ నీళ్ళ చప్పుడు వింటే చాలు పుల్లడికి వణుకు. మేత సయించదు.

"ఏరు ఇంకిపోయిందిరా! సంత నాటికి దాటకపోతే నిన్ను అక్కడికే తోలేస్తాను," అన్నాడు సూరన్న. బండికి పనికిరాని ఎద్దును సంతలో ఎవరు కొంటారో పుల్లడికి తెలుసు.

ఆ సాయంత్రం దడి అవతలినుంచి నక్క పలకరించింది.

"ఇంకిపోయిందని అన్నాడా? వాడి బండి కోసం వాడంటాడు బావా. నేనిప్పుడే ఈదుకుంటూ వచ్చాను. నీ మూపురం మునుగుతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నా వైద్యం వదలొద్దు. ఏటి ఛాయలకు పోకు. బోడోడి ఊసెత్తకు. గుర్తొచ్చిందా, గుటుక్కున మింగెయ్. అయినా జోడీని వదిలేసి వచ్చినవాడివి, ఏ మొహం పెట్టుకుని చెబుతావులే."

పుల్లడు తలదించుకుని మింగాడు.

మూలన పడుకున్న ముసలి గేదె చిట్టెమ్మ చెవి విదిల్చింది. "ఒరే అబ్బాయ్, ఎద్దుకు 'మింగి ఊరుకో' అని చెప్పే వైద్యుణ్ణి ఇవాళే చూస్తున్నాను. అడవిలో పులి భయానికి మేత గబగబా మింగుతాం. నీడకు చేరాక పైకి తెచ్చుకుని తీరిగ్గా నములుతాం. పైకి రానివ్వకపోతే?"

"కడుపుబ్బి చస్తాం అత్తా."

"అదీ సంగతి. ఈయనకు నెమరు లేదు, పాపం ఏం తెలుస్తుంది?"

కాలేజీ మాస్టార్లు ఆవు కడుపు నాలుగు గదులుగా బొమ్మ గీస్తారు, పిల్లలు పేర్లు బట్టీ పడతారు. ఎందుకన్ని గదులని అడిగేవాళ్ళు తక్కువ. ఎందుకో చిట్టెమ్మ చెప్పేసింది.

"నీకు మనసు వైద్యం వచ్చా, ముసలిదానా?" నక్క పళ్ళికిలించింది.

"రాదు నాయనా. వినడం వచ్చు. చెప్పరా పుల్లా."

"నీళ్ళు... కాడి తిరగబడింది... ఊపిరి..." పుల్లడి ఒళ్ళంతా అదిరిపోయింది.

"ఆగు. ఇప్పుడెక్కడున్నావు?"

"పాకలో."

"కాళ్ళ కింద ఏముంది?"

"గడ్డి. పొడి గడ్డి."

"దాని మీదే గట్టిగా నిలబడి చెప్పు. తొందర లేదు."

"బోడోడు మునిగాడు. నేను వదిలేసి వచ్చాను."

"వదిలేశావా? మరి నీ మెడ మీద ఆ మచ్చేమిటి?"

"ఆ రోజే తోలు లేచిపోయింది."

"వదిలేసినవాడికి తోలెందుకు లేస్తుందిరా?"

"లాగాను అత్తా. తాడు తెగేదాకా లాగాను." కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. చిట్టెమ్మ అతని చెవి వెనక నాకింది.

నక్క జారుకోబోయింది.

"ఉండు వైద్యుడా. ఈదుకుంటూ వచ్చానన్నావు కదా, ఒండ్రు నీ చీలమండ దాకే అంటిందేం? మూతికి ఆ పుచ్చగింజేమిటి?"

నక్క చటుక్కున మూతి నాక్కుని, తోక ముడిచి చీకట్లోకి పోయింది.

"చూశావా? ఏట్లో నీళ్ళు నక్క చీలమండ దాకే," అంది చిట్టెమ్మ.

"నాకు తెలిసింది అత్తా. నా కాళ్ళకే ఇంకా తెలియలేదు."

"కాళ్ళకూ చెబుదాం, పద."

మర్నాడు నీళ్ళ చప్పుడు వినబడేచోట నిలబడి ఇద్దరూ నెమరేశారు. ఆ తర్వాత గట్టు మీద. ఆ తర్వాత ఒక్క గిట్ట నీళ్ళలో పెట్టి. వణుకొస్తే వెనక్కి వచ్చేవాళ్ళు, కాసేపు బోడోడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. వాడు దొంగతనంగా తిన్న జొన్నచేల సంగతులకు పుల్లడు నవ్వాడు కూడా.

సంత రోజు పొద్దున్నే సూరన్న పలుపుతాడు పట్టుకుని వచ్చాడు. పుల్లడు తనే నడిచివెళ్ళి కాడి కింద మెడ పెట్టాడు. ఏటి నడుమ బండి ఆగింది. పుల్లడు వంగి, కడుపునిండా నీళ్ళు తాగి, అవతలి గట్టెక్కాడు. సూరన్న పలుపుతాడు మడిచి బండిలో పడేశాడు.

తోటలో నక్క పొట్ట పగిలేలా తిని, తీగల మధ్య వెల్లకిలా పడి ఉంది. ఈ పిరికి ఎద్దు ఎలాగూ రాడన్న ధీమా. బండి చక్రాల చప్పుడికి లేవబోయి, లేవలేక దొర్లింది. సూరన్న కర్ర వీపున పడ్డాక గానీ కాళ్ళు రాలేదు.

"నెమరేసుకోరా బావా, అరుగుతుంది!" వెనకనుంచి కేకేశాడు పుల్లడు.

భయాన్ని మింగెయ్యమనేవాడి మూతిని ముందుగా చూడండి; తీరిగ్గా నెమరేయనిచ్చేవారి పక్కన చేరండి.