ఆఖరి సర్వీసు ఎవరిది?

సినిమా ఎడిటింగులో తలపండిన భుజంగరావుగారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏ ప్రశ్న వేసినా ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ సంగతి బాగా తెలిసినవాడే అయినా, వామనమూర్తి సోమవారం పొద్దున్నే జిలేబీ పొట్లంతో కృష్ణానగర్‌లోని ఆయన ఎడిటింగ్ గదికి వచ్చి, కూర్చోకముందే అడిగేశాడు.

"గురువుగారూ, తొమ్మిదిమంది హీరోలు, అంత పెద్ద సెట్టు, యుద్ధం, ఆట, ఏడుపు... ఇన్ని ఉండి కూడా శ్రీపతి సినిమా ఎందుకు పోయిందంటారు?"

శ్రీపతీ వామనమూర్తీ ఒకే రోజు ఈ గదిలో శిష్యులుగా చేరారు. ఒకే క్యారియర్లో అన్నం తిన్నారు. ఇప్పుడు శ్రీపతి పేరున్న దర్శకుడు. వామనమూర్తి మాత్రం టీవీ సీరియల్లో అత్తగారి ముఖాన్ని మూడేసిసార్లు అతికిస్తూ ఉన్నచోటే ఉన్నాడు. శ్రీపతి కారు కొన్న రోజున అతనికి అన్నం సహించలేదు. సినిమా పోయిందని తెలిసిన రోజున మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు.

బర్మా యుద్ధంలో పట్టుబడ్డ మన సైనికులు తమను బంధించినవాళ్లతో వాలీబాల్ ఆడటం ఆ సినిమా కథ. గెలిస్తే జ్వరాలతో పడి ఉన్న తోటి ఖైదీలకు మందులు ఇస్తారు. దాన్ని వామనమూర్తి మూడు రోజుల్లో మూడుసార్లు చూశాడు. మెచ్చిన సినిమానైనా అతను రెండోసారి చూసిన పాపాన పోలేదు.

గురువుగారు ఒక జిలేబీ తీసుకున్నారు. "మూడుసార్లు చూశావటగా. ఆఖరి సర్వీసు ఎవరు చేశారు?"

"అది గమనించలేదండీ," అన్నాడు వామనమూర్తి. ఆఖరి ఆట వచ్చేసరికి మూడుసార్లూ అతను వెనక్కి తిరిగి, ఎవరెవరు లేచి వెళ్లిపోతున్నారో చూస్తూ కూర్చున్నాడు. అంత సుఖం అతనికి ఈమధ్య మరెక్కడా దొరకలేదు.

గురువుగారు కంప్యూటరు అతని వైపు తిప్పారు. "ఆ మ్యాచ్ ముక్క శ్రీపతి నాకు పంపాడు. శుక్రవారంలోగా బాగుచేసి ఇస్తే కొత్తది వేస్తారట, లేకపోతే హాళ్లలోంచి తీసేస్తారట. నా కళ్లు ఇదివరకట్లా లేవు. నువ్వు కొయ్యి. బంతి గానీ, బంతిని చూసే కళ్లు గానీ లేని షాటు ఒక్కటీ మిగలకూడదు."

పడ్డవాణ్ణి నేను లేపాలా అనుకున్నాడు వామనమూర్తి. గురువుగారి మాట తీసెయ్యలేక కూర్చున్నాడు. మొదట్లో హాయిగానే ఉంది. ఒక హీరో గాల్లోకి లేచి జుట్టు ఎగరేశాడు, బంతి లేదు. కోశాడు. ఇంకొకాయన ఆకాశంకేసి చూసి కళ్లు తుడుచుకున్నాడు, బంతి అప్పటికే వెనక పడిపోయింది. అదీ కోశాడు. మధ్యాహ్నానికి పద్నాలుగు నిమిషాల మ్యాచ్ ఐదు నిమిషాలైంది.

మిగిలినదాన్ని మొదటినుంచి వేసుకున్నాడు. వంతులవారీగా ఆటలోకి దిగే హీరోల వెనక, చివరి వరసలో, ఒక కాలు ఈడుస్తూ పేరు తెలియని నటుడొకడు ఆడుతున్నాడు. ఒక్క క్షణమైనా బంతి మీంచి చూపు తిప్పలేదు. ఆఖరి సర్వీసు అతనిదే. బంతి అవతలి మూల గీత మీద పడేసరికి వామనమూర్తి తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత తెలిసొచ్చింది, ఆ మనిషిని ఏరి తెచ్చి అక్కడ నిలబెట్టింది శ్రీపతేనని. సినిమా పోయిందని చల్లారిన అసూయ రెండింతలై తిరిగొచ్చింది. పంపే మీట మీద వేలు ఆగిపోయింది. పంపితే పేరు శ్రీపతికి. ఫైలు పాడైందంటే నమ్మనివాళ్లు ఉండరు. గురువుగారేమో జిలేబీ పొట్లం మడుస్తూ అటు తిరిగి కూర్చున్నారు.

చాలాసేపటికి వామనమూర్తి మీట నొక్కాడు. అసూయ తగ్గి కాదు. ఆ సర్వీసు ఎవరి కంటా పడకుండా పోవడానికి అతని మనసొప్పలేదు.

"బావుంది గురువుగారూ," అన్నాడు, చేదు మాత్ర మింగినట్టు. శ్రీపతి పని గురించి ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. "మరి ఇంత బావున్నది ఎందుకు పోయినట్టు?"

భుజంగరావుగారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"తొమ్మిదిమంది బంతిని వదిలేసి కెమెరా వైపు చూశారు," అన్నారు. "బంతిని వదిలేసిన పదోవాడు మూడుసార్లూ హాల్లోనే ఉన్నాడు."