ఎదుటి పక్షాన్ని ఏరు దాటించిన ఎబెన్

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజు లేడు.

రాజు లేని రాజ్యమేమిటని అప్పుడే అడక్కండి, చెబుతాను. ఏడు సముద్రాలకు అవతల అమెరికా అనే దేశం అప్పుడప్పుడే పుట్టింది. అక్కడి జనం తమ రాజుగారిని "ఇక తమరు దయచేయండి" అని సాగనంపేశారు. సాగనంపాక, మరి మనల్ని ఏలేదెవరని ఆలోచనలో పడ్డారు. మనలో ఒకణ్ణి మనమే ఎంచుకుందాం, వాణ్ణి గవర్నరు అని పిలుద్దాం, సరిగ్గా చూసుకోకపోతే మార్చేద్దాం అనుకున్నారు. ఆలోచన మంచిదే. కాని మనుషులు మనుషులే కదా!

ఆ దేశంలో ఒక రాష్ట్రం. రాష్ట్రమంటే పెద్దదనుకునేరు. మధ్యలో టామరాక్ అనే నది, తూర్పు ఒడ్డున కొన్ని పల్లెలు, పడమటి ఒడ్డున కొన్ని పల్లెలు, అంతే. అందరిదీ ఒకటే పార్టీ. ఒకటే జెండా, ఒకటే పాట. అయినా తూర్పు వాళ్ళకు పడమటి వాళ్ళంటే గిట్టదు, పడమటి వాళ్ళకు తూర్పు వాళ్ళంటే పడదు. ఎందుకని అడిగితే "అదంతే" అనేవారు. ఎదురు నిలిచే పార్టీ లేదు గనక, ఉన్న పార్టీలోనే రెండు ముఠాలు కట్టి ముచ్చటగా తగువులాడుకునేవారు.

ఆ ఏడు వేసవి మొదట్లో గవర్నరు ఎన్నిక వచ్చింది. ఇద్దరు నిలబడ్డారు.

తూర్పు ముఠా తరఫున ఎబెన్ వేల్. చెక్కపీపాలు చేసుకుని బతికేవాడు. మాట తక్కువ, చేతిలో పనితనం ఎక్కువ. పడమటి ముఠా తరఫున బార్నబాస్ హోల్ట్. ఆయన ప్లీడరు. ఆయన ఇంట్లో దగ్గితే వీధి చివర వినబడేది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే. బార్నబాస్ పెళ్ళి చేసుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళాక, ఈ ముఠాల పుణ్యమా అని ఇద్దరి మధ్యా పలకరింపులు కూడా తగ్గిపోయాయి.

ఎబెన్‌కు పదవి మీద మోజు లేదు. ఆయన కోరిందల్లా ఒకటే, నది మీద వంతెన.

ఎందుకంటే ఆయన ఒక్కగానొక్క కూతురు హానాను అవతలి ఒడ్డుకే ఇచ్చాడు. పోయిన చలికాలం హానా ప్రసవించింది. అప్పుడు నదిలో మంచుగడ్డలు కొట్టుకొస్తున్నాయి, పడవ వెయ్యడానికి లేదు. అవతలి చర్చి గంట మోగింది గనక బిడ్డ పుట్టిందని తెలిసింది. ఆడపిల్లో మగపిల్లాడో తెలియలేదు. తల్లి ఎలా ఉందో తెలియలేదు. మంచు కరిగేదాకా ఆ తాత రోజూ ఒడ్డుకు వచ్చి నిలబడి, కూతురి ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోందా లేదా అని చూసి వెళ్ళేవాడు. తల్లిలేని పిల్లను పెంచిన తండ్రి కదా, ప్రాణం ఎంత కొట్టుకుని ఉంటుందో మీరే చెప్పండి.

"ఇంకో చలికాలం ఇలా గడవకూడదు" అనుకున్నాడు ఎబెన్. అందుకే నిలబడ్డాడు.

పడమటి ముఠాకు వంతెన పేరెత్తితేనే ఒళ్ళు మంట. వంతెన పడితే తూర్పు వాళ్ళ ఆవులొచ్చి తమ గడ్డి మేసేస్తాయని వాళ్ళ భయం. వంతెన కట్టించనని మాట తీసుకున్నాకే వాళ్ళు బార్నబాస్‌ను నిలబెట్టారు. కాబట్టి ఎబెన్ ఓడితే వంతెన లేనట్టే.

తూర్పు ముఠాలో సైలస్ అని ఒక పెద్ద తలకాయ ఉండేవాడు. ఎన్నికల్లో ఎత్తులు వెయ్యడంలో ఆరితేరినవాడు. ఎబెన్‌ను ఎలాగైనా గెలిపించాలని కంకణం కట్టుకున్నాడు.

"చూడు ఎబెన్, రేపు మైదానంలో పొట్టేళ్ళు కాలుస్తున్నాం. విందు మన ఒడ్డు వాళ్ళకే. పడమటి వాడొస్తే వాసన చూసి పోవలసిందే!" అన్నాడు సైలస్.

"ఆకలితో వచ్చినవాణ్ణి నీదే ఒడ్డు అని అడిగి వడ్డిస్తామా?" అన్నాడు ఎబెన్.

మర్నాడు తనే గరిటె పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరికీ వడ్డించాడు. పడమటి వాళ్ళు పడవెక్కి వచ్చి మరీ తిన్నారు. తిని, మూతి తుడుచుకుని, "విందు బ్రహ్మాండం. ఓటు మాత్రం బార్నబాస్‌కే" అన్నారు.

"సరేలెండి, ఇంకో ముక్క వెయ్యనా?" అన్నాడు ఎబెన్. వెనకాల సైలస్ పళ్ళు నూరాడు.

మొదటి ఎత్తు పారలేదు. సైలస్ రెండో ఎత్తు వేశాడు. బార్నబాస్ పాత రాజుకు మళ్ళీ రమ్మని కబురు పెట్టాడనీ, ఆ రాజు పంపిన వెండి గిన్నెలో రోజూ పాలు తాగుతున్నాడనీ ఊరంతా చాటించాడు. రాజును తరిమేసిన దేశంలో అంతకంటే పెద్ద నింద ఇంకేముంటుంది? జనం భగ్గుమన్నారు. బార్నబాస్ ఇంటి కిటికీ మీద ఎవరో రాయి కూడా విసిరారు.

ఆ సాయంత్రం సభలో ఎబెన్ తన పీపా ఒకటి బోర్లించి దాని మీద నిలబడ్డాడు. ఆయన సభలో నోరు విప్పడమే అరుదు, అందుకని అంతా చెవులు రిక్కించారు.

"ఆ గిన్నె నాకు తెలుసు. అది వెండిది కాదు, తగరం గిన్నె. వాళ్ళమ్మ అందులోనే మా ఇద్దరికీ పాలు పోసేది. వాడు ఎప్పుడూ నా వాటా కూడా తాగేసేవాడు. మీరు తిట్టదలచుకుంటే దానికి తిట్టండి. అంతేగాని వాడు రాజును పిలిచే రకం కాదు" అన్నాడు.

జనం పకపకా నవ్వారు. ఆ నవ్వులో నింద కొట్టుకుపోయింది. సైలస్ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు.

ఇక ఎన్నిక రోజు రానే వచ్చింది.

ఆ రాష్ట్రంలో ఓటు వేసే పద్ధతి చూస్తే మీకు నవ్వొస్తుంది. కాగితం లేదు, పెట్టె లేదు. తూర్పు ఒడ్డున సర్కారు కచేరీ ఉంది. కచేరీ వసారాలో రెండు కుర్చీలు వేసి, పోటీ చేసే ఇద్దరినీ కూర్చోబెడతారు. పొలం ఉన్న ప్రతివాడూ, భర్త పోయి పొలం తన పేర ఉన్న ప్రతి ఆడమనిషీ మెట్లెక్కి వచ్చి, తనకు నచ్చినవాడి పేరు అందరూ వినేలా పలకాలి. పేరు పలికించుకున్నవాడు లేచి నిలబడి, టోపీ తీసి, "ధన్యవాదాలండీ" అనాలి. నిన్న కొట్టుకున్నవాడైనా సరే, టోపీ తీయవలసిందే. ఆ మర్యాద జరగకపోతే ఓటు వేసినవాడికి తల తీసేసినట్టుండేది. "నేను పేరు చెబితే లేవనైనా లేవలేదు" అని మనవల దాకా చెప్పుకునేవారు.

పొద్దెక్కింది. తూర్పు వాళ్ళు వరసగా వచ్చి "ఎబెన్ వేల్!" అంటున్నారు. ఎబెన్ లేస్తున్నాడు, టోపీ తీస్తున్నాడు, కూర్చుంటున్నాడు. పడమటి వాళ్ళు ఒక్కరూ రాలేదు. నది వైపు నుంచి మాత్రం ఏవో కేకలు వినబడుతున్నాయి.

"అవతలి వాళ్ళు రాలేదేం?" అని అడిగాడు ఎబెన్.

సైలస్ వంగి ఆయన చెవిలో చెప్పాడు. "పొద్దున బార్నబాస్ ఇటు దిగగానే రేవు పడవకు గొలుసు కట్టి తాళం వేయించాను. ఉన్నది ఆ ఒక్క పడవేగా. పొద్దు గూకేదాకా నువ్వు కదలకుండా కూర్చో, చాలు. నీ వంతెన నీ చేతిలో ఉన్నట్టే."

వంతెన! ఆ మాట వినగానే ఎబెన్ గుండె ఝల్లుమంది. ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా. మంచివాళ్ళకు ఆశ పుట్టదని నేను మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? కూతురు కళ్ళ ముందు మెదిలింది, మనవరాలు మెదిలింది. అంతలో అవతలి ఒడ్డు కేకలు మళ్ళీ వినబడ్డాయి. దాటలేక ఒడ్డున నిలబడితే ఎలా ఉంటుందో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

ఎబెన్ లేచాడు. కుర్చీ వదిలి, తన కొట్టుకు వెళ్ళి సుత్తి తెచ్చాడు. గొలుసు పగలగొట్టాడు. తనే తెడ్లు అందుకుని పడవ తోశాడు.

"అయ్యో, అయ్యో! నీ ఓటమిని నువ్వే మోసుకొస్తున్నావు!" అని సైలస్ ఒడ్డున గంతులేశాడు.

పడవ పోయింది, నిండుగా పడమటి వాళ్ళతో వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. దిగినవాళ్ళు కొందరు ఎబెన్ మొహం చూడలేక తల వంచుకుని, వసారా ఎక్కి "బార్నబాస్ హోల్ట్!" అని వచ్చేవారు. ఎబెన్ పడవ తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. ఎండకు వీపు కాలింది, అరచేతులు బొబ్బలెక్కాయి.

ఇక్కడ వసారాలో ఇంకో చిక్కు వచ్చింది. ఒక తూర్పు రైతు మెట్లెక్కి "ఎబెన్ వేల్!" అన్నాడు. చూస్తే కుర్చీ ఖాళీ.

"ఏమయ్యా, నాకు టోపీ తీసేదెవరు? నా ఓటంటే లెక్కలేదా? పోతాను, పొమ్మంటారా?" అని ఆ రైతు ఎర్రబడ్డాడు.

అప్పుడు బార్నబాస్ లేచాడు. టోపీ తీశాడు. "ఎబెన్ తరఫున నేను చెబుతున్నాను, ధన్యవాదాలండీ. వాడు మావాళ్ళను తీసుకురావడానికి వెళ్ళాడు" అన్నాడు. ఆయన గొంతు మొదటిసారి కాస్త మెల్లగా వినబడింది.

ఆ రోజంతా బార్నబాస్ తన ఓట్లకూ లేచాడు, ఎబెన్ ఓట్లకూ లేచాడు. సాయంత్రానికి పాపం ప్లీడరుగారి మోకాళ్ళు పట్టేశాయి.

పొద్దు వాలుతుండగా అవతలి ఒడ్డున ఒక్కరే మిగిలారు. ఆవిడ ప్రూడెన్స్ అవ్వ. ముసలిదే గాని నోరు మాత్రం చురుకు. ఎబెన్ ఆమెను చెయ్యి పట్టి పడవలో కూర్చోబెట్టాడు.

నది మధ్యకు వచ్చాక అవ్వ అడిగింది. "అబ్బాయ్, నేను ఎవరి పేరు చెబుతానో నీకు తెలుసా?"

"తెలుసు అవ్వా. బార్నబాస్ పేరే."

"మా ఆయన పోతూ పోతూ మన ముఠా మాట తప్పొద్దన్నాడు. నేను తప్పను. మరి తెలిసీ నన్నెందుకు దాటిస్తున్నావు? పిచ్చా నీకు?"

ఎబెన్ తెడ్డు ఆపలేదు. "మీరు నది దాటలేకపోయారు గనక నేను గెలిస్తే, ఆ వంతెన ఇంక ఎవరి కోసం కట్టను అవ్వా?" అన్నాడు.

ఒడ్డు వచ్చేదాకా అవ్వ ఆయన తెడ్డు వేసే తీరునే చూస్తూ కూర్చుంది.

వసారా ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గుమాస్తా లెక్క చూసి, ఇద్దరికీ సరిసమానంగా వచ్చాయనీ, ఇక మిగిలింది అవ్వ ఒక్కతేననీ చెప్పాడు. ఎబెన్ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ ఒక్కొక్క మెట్టే ఎక్కింది. ఎబెన్ వైపు చూసింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"బార్నబాస్ హోల్ట్" అంది.

పడమటి వాళ్ళ టోపీలు గాలిలోకి లేచాయి. ఎబెన్ తల దించుకున్నాడు. ఆయన వంతెన పోయింది.

బార్నబాస్ మోకాళ్ళు పట్టుకుని లేచి, టోపీ తీశాడు. "ధన్యవాదాలు అవ్వా" అన్నాడు.

"ఉండు నాయనా, టోపీతో సరిపెడితే కుదరదు" అంది అవ్వ. "మా ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఇక నా మాట విను. ఈ పూట నేను నీ పేరు చెప్పగలిగానంటే, అదిగో, ఆ ఓడినవాడు తెడ్డు వేశాడు గనక. ప్రతి ఎన్నికకూ ఇలాంటివాడు దొరుకుతాడా? నాకు వంతెన కావాలి."

పడమటి జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎగిరిన టోపీలు మెల్లగా కిందికి దిగాయి. ఒక కమ్మరి ముందుకొచ్చి, "నేనూ ఆ పడవలోనే వచ్చాను. నాకూ కావాలి" అన్నాడు. "నాకూ", "మాకూ" అని వెనక నుంచి గొంతులు లేచాయి.

"కట్టించనని మీకే కదా మాట ఇచ్చాను!" అన్నాడు బార్నబాస్.

"తీసుకున్నది మేమే, తిరిగి ఇచ్చేస్తున్నదీ మేమే" అంది అవ్వ. "ఆవులు గడ్డి మేస్తే మేశాయి. పాలు మనమూ కొనుక్కుందాం."

బార్నబాస్ రెండో కుర్చీ దగ్గరకు నడిచాడు. ఎబెన్ అరచేతులు తిప్పి చూశాడు. బొబ్బలు చితికి రక్తం వస్తోంది.

"ఒరేయ్ ఎబెన్, నువ్వు ఓడిపోయావురా."

"తెలుసురా."

"వంతెన కట్టమని ఆజ్ఞ వెయ్యడం వరకే నాకు చేతనవును. కట్టడం నాకు రాదు. నువ్వే కట్టాలి."

ఎబెన్ తల ఊపాడు. ఊపుతూనే, పెద్దవాడై ఉండీ, అందరి ముందూ ఏడ్చేశాడు. బార్నబాస్ కూడా ఏడ్చాడు, అది మాత్రం అవతలి ఒడ్డుకు వినబడింది.

తూర్పు వాళ్ళు ఇటు నుంచి, పడమటి వాళ్ళు అటు నుంచి దూలాలు వేసుకుంటూ వచ్చారు. పని చేస్తూ కూడా పోట్లాడుకున్నారనుకోండి, అలవాటు ఎక్కడికి పోతుంది? సైలస్ అయితే ఆ వంతెన కట్టించిన ఎత్తు తనదేనని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఎవరూ కాదనలేదు.

నదిలో మంచుగడ్డలు దిగకముందే వంతెన పూర్తయింది. మొదటి మంచు రాలిన రోజున ఎబెన్ తూర్పు నుంచి నడిచి వచ్చాడు. పడమటి నుంచి హానా వచ్చింది. నడిమధ్యకు వచ్చాక ఆమె పాపను చంకలోంచి దించింది. అప్పుడప్పుడే అడుగులు నేర్చిన ఆ పిల్ల తప్పటడుగులు వేసుకుంటూ, కింద హోరుమంటున్న నదిని లెక్కచెయ్యకుండా, నవ్వుతూ వచ్చి తాత కాళ్ళను చుట్టేసింది.

కనుక పిల్లలూ, ఎదుటివాడి దారి మూసి గెలిచినవాడికి పదవి ఒక్కటే దక్కుతుంది. తాను ఓడినా ఎదుటివాడికి దారి ఇచ్చినవాడికి ఊరంతా దక్కుతుంది.