పైడమ్మ సైకిలు

అనగా అనగా ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. పేరు పెట్టి చెప్పుకోదగ్గ పని ఆ ఊరు ఒక్కటీ చెయ్యలేదు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పెంటకుప్ప మీద పారేసినదానికి యజమాని లేడు, కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. పెద్దలు పెట్టిన కట్టుబాటే అది. ఆ పెద్దలే ఏం చేశారో వినండి.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక మంత్రసాని. ఊరికి ఆవల మూడు గెడ్డవాగులు పారేవి, గెడ్డ దాటితే ఒక పల్లె, గెడ్డ దాటితే ఒక పల్లె. ఎవరికి నొప్పులొచ్చినా పైడమ్మ నడిచే వెళ్ళాలి. ఒకసారి మూడో పల్లెకి వెళ్ళేసరికి తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. పైడమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"నా కాళ్ళు సాలవు. సక్రాలు కావాల," అంది.

కరణంగారి అబ్బాయి తన పందెం సైకిలుని కల్వర్టుకి గుద్దేశాడు. పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలుతో సహా ఆ వంకర ఫ్రేము పెంట మీదికొచ్చింది. పైడమ్మ వెళ్ళి అడిగింది.

"బాబూ, పట్టుకుపోనా?"

"పట్టుకుపోవే. పారేసినదానికి పేరేటి?" అన్నాడు కరణం.

షావుకారు తుప్పు చక్రాలు పారేశాడు. నాయుడు తెగిన గొలుసు పారేశాడు. వాళ్ళనీ అడిగింది. వాళ్ళూ అదే మాట అన్నారు. "పట్టుకుపోవే. పారేసినదానికి పేరేటి?"

ముసలిదానికి సైకిలట అని ఊరంతా నవ్వింది. నవ్వే నోళ్ళకి వేరే పనేముంది?

పైడమ్మ ఫ్రేముని కమ్మరి కొలిమిలో పెట్టించి వంకర తీయించింది. చక్రాల పుల్లలు ఒక్కొక్కటే బిగించి సొట్టలు తీసింది. గొలుసు అతికించి, కిరసనాయిల్లో నానేసి, ఆముదం పోసింది. పాత చెప్పులు కోసి బ్రేకులకి పెట్టింది. ఎక్కింది, పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది. మూడోసారి పడలేదు.

గెడ్డ వస్తే సైకిలుని భుజాన వేసుకునేది, దాటాక ఎక్కేది. ఆ తర్వాత ఏ తల్లీ పైడమ్మ కోసం ఎదురుచూస్తూ ప్రాణం విడవలేదు.

ఒకనాడు కాన్పుకి ఆదరాబాదరాగా పోతూ, కొత్త సైకిలు మీదున్న కరణంగారి అబ్బాయిని దాటిపోయింది. చూసినవాళ్ళు నవ్వారు. ఈసారి వాళ్ళు నవ్వింది ఆ అబ్బాయిని చూసి. ఆమె చేసిన నేరం అదే.

మర్నాడు పొద్దున్నే ఆ ముగ్గురు పెద్దలూ వచ్చారు.

"ఫ్రేము నాది," అన్నాడు కరణం.

"చక్రాలు నావి," అన్నాడు షావుకారు.

"గొలుసు నాది," అన్నాడు నాయుడు.

"పారేసినదానికి పేరేటన్నారు గదా బాబూ," అంది పైడమ్మ.

"అప్పుడది చెత్త. ఇప్పుడది సైకిలు," అన్నాడు కరణం.

నడివీధిలో విప్పేశారు. ఊరంతా నిలబడి చూసింది. చూసినవాళ్ళలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఒక్కడి నోరూ పెగల్లేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ మధ్యాహ్నమే మూడో పల్లె నుంచి కబురొచ్చింది. గెడ్డలు పొంగుతున్నాయి. పైడమ్మ పరిగెత్తింది. మొదటి గెడ్డ దాటింది, రెండోది దాటింది, మూడోది దాటింది. తల్లిని బతికించింది, బిడ్డని బతికించింది. బొడ్డు కోసి, బిడ్డని తల్లి పక్కలో వేసి, గోడకి చేరగిలబడి, "గుక్కెడు నీళ్ళియ్యమ్మా," అంది. నీళ్ళు తెచ్చేసరికి ప్రాణం పోయింది.

విప్పుకుపోయిన సామాను ఆ ముగ్గురూ ఏం చేశారనుకున్నారు? బిగించారా? తొక్కారా? మళ్ళీ పెంట మీదే పారేశారు.

మూడు పల్లెలవాళ్ళూ వచ్చి అదంతా ఏరుకెళ్ళి బిగించుకున్నారు. తర్వాతి మంత్రసాని దాని మీదే తిరిగింది. ఇప్పటికీ ఆ దారిలో ఏ సైకిలు షాపులో చూసినా గోడకొక మేకు, ఆ మేకుకి పాత గొలుసో పెడలో కనిపిస్తాయి. తగిలించేవాళ్ళు మూడు మాటలంటారు. "నాది కాదు. నీది కాదు. పైడమ్మది." అవసరమున్నవాళ్ళు ఎవరినీ అడక్కుండా తీసుకుంటారు.

నేను పేరు చెప్పని ఆ ఊరివాళ్ళూ ఇప్పుడు ఆ మాటలంటారు, అందరికంటే గట్టిగా అంటారు. ఆ రోజు నడివీధిలో ఒక్కడు ఆ మూడో మాట అనుంటే, పైడమ్మ కాళ్ళ మీద పరిగెత్తేది కాదు.