ఉలికి కప్పిన శాలువా

కోట తలుపులు చెక్కినందుకు వడ్రంగి మోనయ్యకు రాజుగారు పట్టుశాలువా కప్పారు. మరుసటేడు రాజుగారికి మనవరాలు పుట్టింది, ఉయ్యాల చెయ్యమని మళ్లీ కబురంపారు.

మోనయ్య బయల్దేరిన రోజే ముసురు పట్టింది. ముసలాయన తడిసి గజగజ వణుకుతూ కోటకు చేరాడు. శాలువా ఆయన ఒంటిమీద లేదు. చంకలో ఉన్న పనిముట్ల మూటకు చుట్టి ఉంది. పొడుగాటి రంపం మాత్రం సగం బయటికే ఉండిపోయింది.

అది చూసి దివాను మండిపడి, ఆయన్ను సభకు లాక్కెళ్లాడు.

"ప్రభూ, తమరిచ్చిన శాలువాను వీడు ఇనుపముక్కలకు కప్పాడు! ఇంత అవమానమా? ఊళ్లోంచి వెళ్లగొట్టాలి."

మోనయ్య చేతులు జోడించాడు. "దివానుగారు కూడా వానలోనే వచ్చారు ప్రభూ. ఆయన కత్తి ఒరకు చుట్టింది నిరుడు నాతోపాటు తమరు ఆయనకిచ్చిన ఉత్తరీయమేగా?"

అందరి చూపూ దివాను నడుం మీద పడింది.

"కత్తి తుప్పు పడితే రాజ్యానికే ముప్పు!" అన్నాడు దివాను కంగారుగా.

"నిజమేనయ్యా. ఉలి తుప్పు పడితే చెక్క నున్నబడదు, పేళ్లు లేస్తాయి. అవి గుచ్చుకునేది ఉయ్యాల్లో పడుకున్న పసిబిడ్డకు. నాదేముంది, పొయ్యి దగ్గర కూచుంటే ఆరిపోతాను."

రాజుగారు లేచొచ్చి, తన భుజం మీది శాలువా తీసి ముసలాయనకు నిండా కప్పారు.

"ఉలి సంగతి నువ్వు చూశావు. ఆ ఉలి పట్టే చేతుల సంగతి నేను చూడొద్దూ?"

మోనయ్య కళ్లు తుడుచుకున్నాడు. కొత్త శాలువా అంచును వేళ్లతో కొలిచి చూసుకుని, మెల్లగా అన్నాడు:

"రంపానిక్కూడా సరిపోతుంది ప్రభూ."