గవరయ్య అతుకు

గాజువాక దాటాక, తాళాలు పడ్డ షెడ్ల మధ్య ఒక వెల్డింగు శిక్షణ కేంద్రం ఉండేది. అక్కడ పరీక్ష పెట్టే తవిటినాయుడు మాష్టారికి ఒక పట్టింపు. అతికిన ప్లేటును జాకీ కింద పెట్టి వంచేటప్పుడు ఆయన చెయ్యి వేయరు. అతికినవాడే పిడి లాగాలి. అతుకు నిలిస్తే సర్టిఫికెట్టు ఇస్తారు, పగిలితే మళ్ళీ రమ్మంటారు. ఎంతటివాడు సిఫార్సు చేసినా అంతే.

ఆ ఏడు మాంద్యం దెబ్బకు ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. మిగిలిన ఒకటి రెండు బాయిలర్ల కంపెనీలు సర్టిఫికెట్టు ఉంటేనే గేటు లోపలికి రానిచ్చేవి. వాళ్ళనీ అనడానికి లేదు. అతుకు వదిలి బాయిలరు పేలితే పోయేది మనుషులే. అలాంటి రోజుల్లో గవరయ్య పరీక్షకు వచ్చాడు. తల నెరిసిన పనివాడు. ఏళ్ళ తరబడి చేసిన కంపెనీ ఎత్తేయడంతో ఇంట్లో కూర్చున్నాడు. మర్నాడు ఒకచోట పిలుపు ఉంది, కాగితం లేకపోతే అదీ పోతుంది. ప్లేటు అతికి పిడి లాగాడు. ప్లేటు సగం వంగేసరికి అతుకు పగిలింది. ఆ పగులును వేలితో తడిమి, వెళ్ళి గోడ వారన కూర్చున్నాడు.

మాష్టారి దగ్గర పరీక్షలు పెట్టడం నేర్చుకుంటున్న సుగుణ ఇదంతా చూసి ఆయన దగ్గరికి వచ్చింది.

"మాష్టారూ, ఇన్నేళ్ళు ఈ పని మీదే బతికిన మనిషి. ఇలాంటి రోజుల్లో జాలి తలచి ఒక సంతకం పెడితే ఏం పోతుంది?" అని అడిగింది.

మాష్టారు వాదించే మనిషి కాదు. ఒక సర్టిఫికెట్టు తీసి, పేరుండే చోట ఏదో రాశారు. సంతకం మాత్రం పెట్టలేదు. గవరయ్యను లోపలికి పిలిచి, పేరు సరిగ్గా పడిందో లేదో చూడమన్నారు.

గవరయ్య ముఖం ఒక్కసారిగా విప్పారింది. కాగితాన్ని దగ్గరగా పట్టుకున్నాడు. కాస్త దూరం జరిపాడు. ఇంకా జరపబోతే చెయ్యి చాల్లేదు.

"నా పేరే బాబూ. బాగుంది," అన్నాడు.

సుగుణ వంగి చూసింది. కాగితం మీద ఉన్నది ఆమె పేరు.

మాష్టారు నెమ్మదిగా ఆ సంగతి చెప్పి, గవరయ్య భుజం మీద చెయ్యి వేశారు. చేతిలో తప్పేమీ లేదని, ఈ చత్వారం ఎప్పటినుంచని అడిగారు. గవరయ్య కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఇంట్లో ఆడమనిషికి కూడా చెప్పుకోలేదట.

"కళ్ళజోడెట్టుకుంటే ముసిలోడినని ముందు నన్నే తీసెస్తారని సెప్పనేదు బాబూ. ఆకరికి అందర్నీ తీసెసినారు," అన్నాడు.

మాష్టారు తన కళ్ళజోడు తీసి అతని ముక్కు మీద పెట్టారు. దాని మీదే ముసుగు వేసుకోమని, అతకడానికి ఇంకో రెండు ఇనప ముక్కలు ఇచ్చారు. ఈసారి గవరయ్య తొందరపడలేదు. అతకడం అయ్యాక, పిడి పట్టుకుని సుగుణ వైపు ఒకసారి చూసి లాగాడు. ప్లేటు గుర్రపు నాడాలా వంగింది. అతుకు మీద గీత కూడా పడలేదు. అతను దాన్ని వేలితో తడమలేదు, కళ్ళారా చూశాడు. చూస్తూ చూస్తూ ఏడ్చేశాడు. సుగుణకూ కన్నీళ్ళు ఆగలేదు.

వేరే సర్టిఫికెట్టు మీద ఆమె అతని పేరు రాసింది. గవరయ్య దాన్ని అక్షరం అక్షరం చదువుకుని మాష్టారి ముందు పెట్టి, కళ్ళజోడు తీసి ఇవ్వబోయాడు. రేపటి పని చూసుకుని తెచ్చివ్వమని మాష్టారు వద్దన్నారు. ఇప్పుడు ఆయనకే కాగితం మసకగా ఉంది. సంతకం ఎక్కడో చూపించమని సుగుణనే అడిగారు. ఆమె ఆయన వేలు పట్టుకుని గీత మీద ఆనించింది.

ఆయన సంతకం పెడుతూ అన్నారు: "ఇది ఇందాకే పెట్టేసి ఉంటే, ఇతన్ని ఎవరు చూసేవారమ్మా?"